డబ్బా మీద పదిహేను

"ఎవురు పూసినారు దీన్ని?"

ఆసిఫా గొంతు వంటింట్లోకి ముందు వచ్చింది, ఆసిఫా తర్వాత వచ్చింది. చేతిలో ఫిజిక్స్ రికార్డు తెరిచే ఉంది. కుడి పేజీలో సగం దాకా వైట్నర్ పూత. దాని మీద ముచ్చటైన దస్తూరీతో ఆరు వరసల అంకెలు. ఆరూ పదిహేనుకు అటూ ఇటూ.

తల్లి హాజిరా పెనం మీద దోసెను తిప్పింది. అది ఇంకా తిప్పే దశకు రాలేదు గనుక రెండు ముక్కలైంది.

"నేనే," అంది. "మెల్లగా మాట్లాడు. పక్క ఫ్లాటోళ్ళు వింటారు."

"నువ్వా?"

"నేనే అంటి గదా. తెల్లారి నమాజు చేసుకోని, కూచోని రాసినా. వర్ష రికార్డు అడిగి తెచ్చినా. ఆ పాప పోయినేడే పన్నెండు పాసైంది, ప్రాక్టికల్స్‌లో ముప్పైకి ముప్పై. దాంట్లో ఉండేదే దీంట్లో దించినా. ఒక్క కొట్టివేత లేదు చూడు."

కొట్టివేత లేదన్నది నిజమే. హాజిరా అక్షరం అచ్చు గుద్దినట్టుంటుంది. అదే ఇప్పుడు కొంప ముంచింది.

సోమవారం నాడు కాత్యాయని మేడమ్ ఆ రికార్డును సంతకం పెట్టకుండా తిప్పి ఇచ్చేసింది. లెన్సు డబ్బా మీద ఫోకల్ లెంగ్తు పదిహేను సెంటీమీటర్లని ఉంది, క్లాసులో మిగతా ఇరవై ఇద్దరికీ పదిహేనే వచ్చింది, నీ ఒక్కదానికే ఇరవై ఎలా వస్తుంది, సరిచేసుకుని రా అంది. ఆసిఫా సరిచేయలేదు. మూడు రోజులు మొండికేసి కూర్చుంది. ఇవాళ గురువారం. రేపూ ఎల్లుండీ సెలవు. ఆదివారం ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తుంది. సంతకం లేని రికార్డుతో ఎవరినీ లోపలికి రానివ్వరు. ప్రాక్టికల్ పోతే పన్నెండో తరగతి పోయినట్టే.

ఇదంతా తలచుకునే హాజిరా తెల్లవారుజామున వైట్నర్ మూత తీసింది.

"మా, నేను ఇరవై అని తీసినా. నా కండ్లతో చూసి తీసినా. నువ్వు దాన్ని తుడిపేసి పదిహేను రాస్తే ఎట్లమా?"

"మేడమ్ పదిహేను అడిగింది. ఇచ్చినాం. సంతకం పెడతాది. నీకు కావాల్సింది సంతకమా, జగడమా?"

"నాకు కావాల్సింది నా అంకెలు!"

హాజిరా విరిగిన దోసెను పళ్ళెంలో వేసింది. స్టవ్ కట్టేసింది. 

తలుపు తెరుచుకుంది. తండ్రి గౌస్ మొహిద్దీన్ రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. సౌదీలోని రాబిగ్ రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, తేదీ రాసి, ఆకుపచ్చ స్టిక్కరు అంటించడం అతని పని. పద్నాలుగేళ్ళుగా అదే పని. సేఫ్టీ బూట్లు గుమ్మం బయట విడుస్తుండగానే లోపల ఏదో జరిగిందని అతనికి అర్థమైంది.

"ఏమైంది?"

తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. అతను ఇద్దరి మాటా విన్నాడు. అందులో సగం సగం అర్థం చేసుకుని సోఫాలో కూర్చున్నాడు.

"హాజిరా, ఎందుకు చేసినావు ఇట్ల?"

"ఏం చేసినా? దొంగతనం చేసినానా?" అంది హాజిరా. "మా బళ్ళో సైన్సు బీరువాకి తాళం ఏసింటే ఏసినట్టే ఉండె. సారు బోర్డు మీద రాస్తే మేము దించుకుంటిమి. నాకు పదికి పది వచ్చె, దస్తూరీ బాగుందని. రికార్డంటే రాసేదే అనుకున్యా. చేసేదని నాకెవురు చెప్పినారు?"

గౌస్ తల ఊపాడు. అతని బడిలోనూ అంతే. అతను లెన్సును చేత్తో పట్టుకున్నది ఉద్యోగంలో చేరాకే.

రికార్డు తీసుకుని పేజీ తిప్పాడు. వెనక వైపు వేలితో తడిమాడు. ఆసిఫా కలం నొక్కి రాసే పిల్ల. పాత అంకెలు వెనక తిరగబడి ఉబ్బి ఉన్నాయి. కళ్ళజోడు పైకి నెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు.

"పందొమ్మిది పాయింటు ఎనిమిది. ఇరవై. ఇరవై పాయింటు ఒకటి. మళ్ళా ఇరవై. ఎన్నిసార్లు తీసినావు పాపా?"

"ఆరుసార్లు నాయనా. లంచ్ టైములో ఒక్కదాన్నే ఉండి, బల్ల మీద సూదులు నిలబెట్టి తీసినా. మిగతావాళ్ళంతా డబ్బా మీద ఉండేది చూసి రాసుకున్నారు."

"ఆరుసార్లూ ఇంతే వచ్చిందా?"

"ఇంతే."

"చేతిలో తప్పుంటే ఒగసారి పదేడు వస్తాది, ఒగసారి ఇరవై మూడు వస్తాది. ఆరుసార్లూ ఒకేకాడ నిలబడితే తప్పు నీ చేతిది కాదు." గౌస్ రికార్డు మూశాడు. "డబ్బా మీద రాసింది డబ్బా సంగతి. లోపలుండే అద్దం సంగతి అద్దాన్నే అడగల్ల. మా ప్లాంటులో స్టిక్కరు చూసి గేజిని నమ్మితే మా సూపర్‌వైజరు ఊరుకోడు."

"మీ ప్లాంటు సంగతి నాకెందుకు?" అంది హాజిరా. "పదిహేనే ఉండనీండి. ఈ పొద్దు సంతకం అయిపోతాది. మీరు నిద్రపోవచ్చు, నేను నిద్రపోవచ్చు."

"ఆదివారం ఎగ్జామినరు అదే అద్దం చేతికిచ్చి తియ్యమంటే?"

 ఆ సంగతి హాజిరాకు తట్టనే లేదు.

గౌస్ లేచి తన పనిముట్ల సంచిలోంచి అడుగు పొడుగు స్టీలు స్కేలు తీశాడు. దానికీ ఒక ఆకుపచ్చ స్టిక్కరు ఉంది. "దూరంగా ఉండేది ఏదైనా సరే, దాని బొమ్మ లెన్సులోంచి కాగితం మీద పడల్ల. బొమ్మ తేటగా ఉండేకాడ ఆపి, లెన్సు నుంచి కాగితం దాకా కొలవండి. అంతే. ఇంకేం వద్దు."

"ఎవురు కొలవాల?"

"నన్ను గర్ల్స్ సెక్షన్‌లోకి రానిస్తారా? నువ్వే పోవల్ల."

"నేనా? మేడమ్ ముందర నేనేం మాట్లాడేది? ఇంగ్లీషులో అడిగితే?"

"ఆమెది తెనాలి. పాపను తిట్టింది తెలుగులోనే గదా. నువ్వు గూడా తెలుగులోనే మాట్లాడు."

హాజిరా బట్టల మీద వేసుకునే నల్ల అబాయా తీసుకుంది. వేసుకుంటున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. స్కేలును మాత్రం హ్యాండ్‌బ్యాగులో జాగ్రత్తగా పెట్టుకుంది.

స్కూలు గేటు దగ్గర గౌస్ కారులోనే ఉండిపోయాడు. కాపలా ఉండే హారిస్ రిజిస్టరు చూపిస్తే హాజిరా తన ఇఖామా కార్డు నంబరు రాసి, కూతురి వెనకే మెట్లెక్కింది. మూడో అంతస్తులో ల్యాబ్. పేరుకే ల్యాబ్. రెండు బల్లలు, ఒక బీరువా. సామాను చాలావరకు బాయ్స్ సెక్షన్‌ది. మంగళవారాలు ట్రాలీ మీద వస్తుంది, సాయంత్రం తిరిగి వెళ్ళిపోతుంది. ఈ లెన్సు డబ్బా ఒక్కటే గర్ల్స్ సెక్షన్‌కు సొంతం.

కాత్యాయని మేడమ్ రికార్డుల గుట్ట ముందు కూర్చుని ఉంది. వారానికి ముప్పై నాలుగు పీరియడ్లు చెప్పే మనిషి మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆసిఫాను చూడగానే చెయ్యి చాచింది.

"తెచ్చావా? ఇటివ్వు."

పేజీ తిప్పింది. పదిహేను. పదిహేను పాయింటు ఒకటి. పద్నాలుగు పాయింటు తొమ్మిది. మేడమ్ మొహం విచ్చుకుంది.

"అమ్మయ్య. ఇదేదో సోమవారమే చేసుంటే సరిపోయేది కదే! నాకు మూడు రోజుల నుంచి నీ బెంగే. ఎంత చక్కగా రాశావో చూడు."

పెన్ను మూత తీసింది.

 ఆసిఫా తల్లి వైపు చూసింది. పొద్దుటి కోపం ఆ చూపులో లేదు. బతిమాలడమూ లేదు. నువ్వేం చేస్తావో చూస్తాను అన్నట్టుంది.

 హాజిరాకు కావాల్సిందంతా అక్కడే ఉంది. పెన్ను కాగితానికి బెత్తెడు దూరంలో ఉంది. నోరు మూసుకుంటే చాలు, కూతురి ఏడాది దక్కుతుంది. తాను రాసిన పేజీకి టీచరు మెచ్చుకోవడం ఆమెకు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇవాళే.

"ఆగండి మేడమ్."

పెన్ను ఆగింది.

"అది మా పాప రాసింది కాదు. నేను రాసినా. వేరే పాప రికార్డు చూసి దించినా. మా పాపకి తెలీదు. పొద్దున చూసి నన్ను కొట్టినంత పని చేసింది."

 మేడమ్ పెన్ను మూత పెట్టలేదు, సంతకమూ పెట్టలేదు.

"ఎందుకు చెబుతున్నారు నాకిది?" అంది చివరికి. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ. "నేను ఎలా సంతకం పెట్టను ఇప్పుడు?"

"పెట్టద్దు మేడమ్. ముందు ఆ అద్దాన్ని ఒగసారి కొలిచి చూడండి. మా పాపకి ఆరుసార్లూ ఇరవై వచ్చింది. మా ఆయన గేజీలు చూసే పని చేస్తాడు. ఆరుసార్లూ ఒకటే వస్తే తప్పు పాపది కాదని చెప్పినాడు." హాజిరా స్కేలు తీసి బల్ల మీద పెట్టింది. "దూరంగా ఉండే దాని బొమ్మ పడల్లంట."

కాత్యాయని మేడమ్ స్కేలు వైపు చూసింది. తర్వాత కిటికీల వైపు చూసింది. గర్ల్స్ సెక్షన్ కిటికీలన్నిటికీ లోపలికి ఎవరూ చూడకుండా తెల్లటి ఫిల్ము అంటించి ఉంటుంది. లోపలి నుంచి బయటికి కూడా ఏమీ కనబడదు.

"ఈ గదిలోంచి దూరం అనేదే కనబడదమ్మా," అంది నెమ్మదిగా. "రికార్డులో మొదటి లైను ఉంటుంది చూశారా, దూరపు వస్తువుతో రఫ్‌గా కొలిచితిమి అని. మూడేళ్ళుగా ఆ లైను నేను బోర్డు మీద రాసి దించుకోమంటున్నాను. డబ్బా మీద ఎంతుంటే అంత."

"మా సారు గూడా అంతే మేడమ్," అంది హాజిరా. అని నాలుక కరుచుకుంది.

మేడమ్‌కు కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది. బీరువాలోంచి డబ్బా తీసి, "ఖాజాబీ! మిద్దె తాళం చెవి ఇవ్వు!" అని ఆయాను కేకేసింది.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెనాలు. పిట్టగోడ మనిషి ఎత్తు కంటే ఎక్కువ. అయినా దాని పైనుంచి దూరంగా రిఫైనరీ చిమ్నీలు కనబడుతున్నాయి. అన్నిటికంటే పొడుగు దాని కొనన మంట పగలు కూడా వెలుగుతూనే ఉంది. ఫిబ్రవరి ఎండ హాయిగానే ఉంది గానీ వెలుతురు మరీ ఎక్కువ. ఆసిఫా లెన్సు పట్టుకుంది, మేడమ్ దాని వెనక తెల్ల కాగితం పట్టుకుంది. కాగితం మీద ఏమీ పడలేదు. ఎండ ఒక్కటే పడింది.

"నీడ కావాలి," అంది మేడమ్. "ఇక్కడెక్కడ తెస్తాం?"

హాజిరా ముందుకు వచ్చి అబాయా కొంగు రెండు చేతులతో బారుగా పరిచి, కాగితం మీదకు చాటు పట్టింది.

నల్లటి ఆ నీడలో కాగితం మీద బొమ్మ తేలింది. మొదట మసకగా, తర్వాత ఆసిఫా లెన్సు జరుపుతుంటే తేటగా. చిమ్నీ తలకిందులుగా నిలబడి ఉంది. మంట కిందికి వేలాడుతూ రెపరెపలాడుతోంది. గోరంత మంట.

"అయ్యో!" అంది హాజిరా. చేతులు దించబోయి మళ్ళీ గట్టిగా పట్టుకుంది. "అది మీ నాయన పనిచేసేకాడిది గదా పాపా! కదులుతాంది చూడు!"

ఎవరో బోర్డు మీద రాయనిది, తాను దించుకోనిది, తన కళ్ళ ముందు కదులుతున్నది చూసి హాజిరాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ సంగతి ఆమె దాచుకోలేదు. దాచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"కొలవండి మేడమ్," అంది ఆసిఫా. 

మేడమ్ స్కేలు పెట్టింది. చూసింది. ఇంకోసారి చూసింది. లెన్సు తాను తీసుకుని, కాగితం ఆసిఫాకు ఇచ్చి మళ్ళీ కొలిచింది. మూడోసారి చిమ్నీ వదిలేసి దూరంగా మసీదు మినారు మీద పెట్టి కొలిచింది.

"ఇరవై," అంది. "ఇరవైకి ఒక్క గీత తక్కువ."

ఆసిఫా అక్కడే ట్యాంకు నీడలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. సోమవారం నుంచి బిగబట్టినదంతా ఒక్కసారి వదిలింది. హాజిరా పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఈసారి ఆసిఫా చెయ్యి తోసెయ్యలేదు.

"ఎప్పుడో ఏ ట్రాలీలోనో మారిపోయి ఉంటుంది," అంది మేడమ్. డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "ఎమ్మెస్సీలో ఇదే ప్రయోగం చేశాను. పదహారేళ్ళయింది. నిన్ను తప్పంటానా పిల్లా! ఒక్కసారి మిద్దె ఎక్కితే పోయేది."

"ఎక్కినారు గదా మేడమ్," అంది హాజిరా.

కిందికి దిగాక మేడమ్ డబ్బా మీది పదిహేనును కొట్టేసి ఇరవై అని రాసి, తేదీ వేసి, పొడి అక్షరాల్లో సంతకం చేసింది. రికార్డులో వైట్నర్ పేజీకి అడ్డంగా గీత కొట్టించి, పక్క పేజీలో ఆసిఫా చేత మళ్ళీ ఆరుసార్లు తీయించి రాయించింది. అరగంట పట్టింది. చివర ఎర్ర సిరాతో సంతకం పెట్టింది.

ఆ సంతకం ఆరేదాకా హాజిరా ఊదుతూనే ఉంది.

ఇక బయల్దేరదామనుకుంటుండగా మేడమ్ మిగతా రికార్డుల గుట్ట మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది.

"ఇరవై రెండు," అంది. "అన్నిట్లో పదిహేనే. అన్నిటి మీదా నా సంతకమే. ఆదివారం ఈ పిల్లల్లో ఎవరి చేతికి ఈ లెన్సు వచ్చినా నీళ్ళు నమలాల్సిందే."



"శనివారం అందరినీ పిలిపించి మళ్ళీ తీయించాలి. సెలవు రోజు స్కూలు తెరవాలంటే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోవాలి. ఎందుకని అడిగితే చెప్పాలి. చెబితే..." మేడమ్ ఆ మాట పూర్తి చేయలేదు. "ఒక్క లెన్సు, ఇరవై ఇద్దరు పిల్లలు, నేనొక్కదాన్ని."

"నేను వస్తా మేడమ్," అంది హాజిరా. "మీరు రాయించండి. మిద్దె మీద అబాయా నేను పట్టుకుంటా."

ఆసిఫా తల్లిని వింతగా చూసింది. పొద్దున ఇదే మనిషి సంతకమా, జగడమా అని అడిగింది.

కారులో గౌస్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అద్దం మీద ఆసిఫా తట్టేసరికి ఉలిక్కిపడి లేచాడు. ఏమైందని అడగలేదు. కూతురు రికార్డు తెరిచి ఎర్ర సంతకం చూపించింది. అతను దాని పైన ఉన్న అంకెలనే చూశాడు.

"పందొమ్మిది పాయింటు తొమ్మిది," అని చదివి, సీటుకు ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "స్కేలు వెనక్కి తెచ్చినారా?"

"తెచ్చినాం. శనివారం మళ్ళా కావాల," అంది హాజిరా.

ఆ పూట ఇంట్లో అందరూ దోసెలు తిన్నారు. ఒక్కటీ విరగలేదు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తల్లుల వాట్సాప్ గ్రూపులో మేడమ్ మెసేజ్ వచ్చింది. శనివారం పదింటికి పన్నెండో తరగతి పిల్లలందరూ ఫిజిక్స్ రికార్డులతో రావాలి, ఒక ప్రయోగం మళ్ళీ చేయించాలి, ప్రిన్సిపాల్ గారి జవాబు ఇంకా రాలేదు, అయినా మీరు తయారుగా ఉండండి, ఆసిఫా వాళ్ళమ్మ గారు సాయం చేస్తారు అని ఉంది.

ఒక్కొక్కరే చూస్తున్నారు. పది మంది. పదిహేను మంది. ఇరవై ఇద్దరు తల్లులూ చూశారు. ఎవరూ ఏమీ రాయలేదు. గ్రూపులోనే ఉన్న ప్రిన్సిపాల్ కూడా చూశాడు. అతనూ ఏమీ రాయలేదు.

హాజిరా ఫోన్ పక్కన పెట్టబోతుంటే మోగింది. గ్రూపులో కాదు, ఆమె ఒక్కదానికే. కర్నూలు ఆరిఫా. ఆమె కూతురు కూడా అదే క్లాసు.

"అక్కా, ఎవురికీ చెప్పాకు. మా పాప రికార్డు అంతా నేనే రాసినా. శనివారం పాప చేత అక్కడే రాయిస్తే మేడమ్ దస్తూరీ చూసి కనుక్కుంటాదా?"

హాజిరా ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. నవ్వుకుంది. సోఫాలో గౌస్ గురక పెడుతున్నాడు. లోపల ఆసిఫా ఏదో పాట పాడుకుంటోంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాసింది.

"కనుక్కుంటాది. అయినా రా."